బేరింగ్ రింగులను వెల్డ్ చేస్తే పగులుతున్నాయి: మార్గం తెలుపగలరు

పాత గేర్లు, సైకిల్ చైన్లు, స్పార్క్ ప్లగ్గులతో ఒక నిలువెత్తు కొంగ బొమ్మను ఆర్క్ వెల్డింగ్‌తో తయారుచేస్తున్నాను. మైల్డ్ స్టీల్ (తక్కువ కార్బన్ ఉన్న మెత్తని ఉక్కు) భాగాలు 6013 అనే మామూలు వెల్డింగ్ రాడ్‌తో చక్కగా అతుకుతున్నాయి గాని, మెడకు వాడిన బేరింగ్ రింగుల దగ్గర మాత్రం అతుకు చల్లారుతుండగానే టిక్కుమని పగులుతోంది. ఆ ఉక్కులో కార్బన్ సుమారు 1 శాతం ఉంటుంది కనుక వెల్డు పక్కనున్న లోహం త్వరగా చల్లారి పెళుసుబారడం సహజమే.

రింగులను 250 డిగ్రీల సెల్సియస్ దాకా ముందుగా వేడిచేసి, 309ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్‌తో అతికి, ఆపై పొడి బూడిదలో మెల్లగా చల్లారనిస్తే సరిపోతుందా, లేక మెడపై పెద్దగా బరువు పడదు కాబట్టి బ్రేజింగే (రింగులను కరిగించకుండా, ఇత్తడి వంటి లోహాన్ని కరిగించి అతకడం) మేలా? (భాగాలపై ఉన్న జింకు పూత కాలితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది కనుక ఆ పూతను ముందే గ్రైండర్‌తో తీసేస్తున్నాను.) ఇటువంటి రింగులతో పనిచేసినవారు దయచేసి వివరించగలరు.