పాత ఇత్తడి టార్చిలైటు: మధ్య సైజు సెల్లులు దొరకడం లేదు, బదులు ఏం వేయొచ్చు?

గోదారిగట్టు:
ఇంట్లో పాత ఇత్తడి టార్చిలైటు ఉంది, పైపూత సగం లేచిపోయింది. పెద్ద సెల్లు దూరదు, పెన్సిల్ సెల్లు వేస్తే లోపల గలగలలాడుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే గొట్టం లోపలి వెడల్పు 27.5 మి.మీ., బల్బు అడుగు నుంచి మూత స్ప్రింగు దాకా 150 మి.మీ. పైచిలుకు. మరతో బిగించే బల్బు, మెడ మీద 3.8 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంది. అడుగున ఒక పాత సెల్లు ఉబ్బి ఇరుక్కుపోయింది, చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా పొడి. షాపుల్లో మధ్య సైజు లేదంటున్నారు. ఆన్‌లైన్‌లో 'సి సైజు' అని వెతికితే 3.6 వోల్టుల లిథియం సెల్లు కనిపిస్తోంది, కొలతలు సరిపోతున్నాయి. కొనవచ్చా?

మూడుసెల్లులు:
కొనకండి. అది ఈఆర్26500 రకం, మీటర్లలో, యంత్రాల మెమరీ బ్యాకప్‌లో వాడేది. సైజు ఒకటే గానీ ఒక్కో సెల్లు 3.6 వోల్టులు. మూడు వేస్తే 10.8. మీ 3.8 వోల్టుల బల్బు స్విచ్చి నొక్కగానే మాడిపోతుంది. పైగా అది ఛార్జింగ్ అయ్యే సెల్లు కూడా కాదు.

మీకు కావలసింది 1.5 వోల్టుల సి సెల్లు. డబ్బా మీద ఆర్14 అని ఉంటే మామూలు జింక్-కార్బన్, ఎల్ఆర్14 అని ఉంటే ఆల్కలైన్. పాత పేరు యూఎం-2. వెడల్పు 26.2, పొడవు 50 మి.మీ., అంటే మీ గొట్టంలో సరిగ్గా మూడు పడతాయి. బల్బు కూడా అదే చెబుతోంది. మూడు సెల్లులకు లెక్కప్రకారం 4.5 వోల్టులు రావాలి కదా, బల్బు మీద 3.8 ఎందుకుందంటే, ఆ కాలపు జింక్-కార్బన్ సెల్లు మీద 0.3 ఆంపియర్ల భారం పడగానే వోల్టేజి దిగిపోతుంది. ఆ దిగిన లెక్కకే బల్బు చేశారు. రెండు సెల్లుల టార్చికైతే 2.5 వోల్టుల బల్బు వస్తుంది. కాబట్టి సెల్లులు కొనేముందు బల్బు మెడ చదవడం మంచి అలవాటు.

పెద్ద సెల్లులు గ్యాస్ గీజర్ల పుణ్యమా అని ఇంకా దొరుకుతున్నాయి, మధ్య సైజుకు ఆ గిరాకీ లేదు. ఎల్ఆర్14 ఆన్‌లైన్‌లో ఎక్కువగా జతలుగా అమ్ముతారు, కాబట్టి రెండు జతలు తీసుకోవాలి. గడువు తేదీ చూడండి. పాతదీ కొత్తదీ కలిపి వేయకండి. బలహీనమైనది ముందు ఖాళీ అయి, మిగతా రెండూ దానిలోంచి కరెంటు తోస్తుంటే కారడం మొదలుపెడుతుంది.

తీగెముడి:
ఎల్ఆర్14 కోసం వెతకకుండానే పనవుతుంది. పెన్సిల్ సెల్లు పొడవు 50.5 మి.మీ., అంటే సి సెల్లుతో దాదాపు సమానం. తేడా అంతా వెడల్పులోనే: 14.5కి 26.2. కాబట్టి చుట్టూ తొడుగు ఉంటే చాలు. ప్లాస్టిక్ అడాప్టర్లు అమ్ముతారు. చేతనే చేసుకోవాలంటే పావు మిల్లీమీటరు మందం అట్టను 47 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి సెల్లుకు బిగువుగా చుట్టండి. ఒక్కో సెల్లుకు సుమారు మీటరున్నర పడుతుంది. పట్టీలు ఒకదాని చివర ఒకటి అంటించుకుంటూ పోండి. చుట్ట మొత్తం 26 మి.మీ. లావు రాగానే చివర టేపు వేయండి. పట్టీ వెడల్పు 47 దాటనివ్వకండి, దాటితే అట్ట అంచు సెల్లుల మధ్యకొచ్చి ఒకదాన్నొకటి తాకనివ్వదు.

మూత స్ప్రింగు వెడల్పుగా ఉంటే అట్ట మీదే ఆగిపోతుంది, సెల్లు అడుగును తాకదు. మధ్యలో రాగి వాషరో, రెండు రూపాయల నాణెమో పెట్టండి.

సెల్లులు మాత్రం రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ తీసుకోండి. మూడూ కలిపి 3.6 వోల్టులు, మీ బల్బుకు దాదాపు అచ్చంగా సరిపోతుంది. 2000 ఎంఏహెచ్ (సెల్లులో నిలవుండే ఛార్జి కొలత) అయితే ఆరు గంటలు దాటి వెలుగుతుంది. రిమోట్లకు వేసే చవక సెల్లులు 0.3 ఆంపియర్లు ఇవ్వలేక తొందరగా మసకబారతాయి.

ఒక జాగ్రత్త ముఖ్యం. చాలా టార్చీల్లో ఇత్తడి గొట్టమే నెగటివ్ దారి. తొడుగు చిరిగి మధ్య సెల్లు డబ్బా గొట్టాన్ని తాకితే షార్టే. ఈ రకం సెల్లు షార్టయితే నిమిషాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. గొట్టం లోపల చుట్టూ ఒక వరస ప్లాస్టిక్ షీటు పెట్టండి.

మూడుసెల్లులు:
ఇరుక్కున్న సెల్లును మూత వైపు నుంచి స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, పక్కనే పోయే స్విచ్చి రేకు వంగిపోతుంది. ముందు అద్దం, రిఫ్లెక్టరు, బల్బు తీసేయండి. గోరువెచ్చని గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి గొట్టంలో పోసి గంట ఉంచండి. తర్వాత ముందు వైపు నుంచి చీపురు కర్ర లాంటిది నిటారుగా పెట్టి మెల్లగా తట్టండి. వేడి చేయడం, డ్రిల్లు పెట్టడం వద్దు. చేతికి గ్లోవ్స్ వేసుకోండి.

పాత జింక్-కార్బన్ సెల్లు కారితే అది ఆమ్ల గుణం, అందుకే వంటసోడా. ఆల్కలైన్ కారితే అది క్షార గుణం, దానికి నిమ్మరసమో వెనిగరో వాడాలి. కడిగాక ఒక రోజు ఎండలో బోర్లించండి. సెల్లు, స్ప్రింగు తాకే చోట్ల మాత్రమే 400 నంబరు ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. గొట్టం బయట రుద్దితే మిగిలిన పూతా పోతుంది.

గోదారిగట్టు:
సెల్లు బయటికొచ్చింది. అట్ట తొడుగుతో మూడు రీఛార్జబుల్‌లు వేశాను. వెలుగుతోంది గానీ ఎర్రగా ఉంది, అరచేత్తో తడితే ఒక్కసారి తెల్లగా అవుతుంది.

తీగెముడి:
తడితే మారుతోందంటే సెల్లులు బాగానే ఉన్నాయి, దారిలో ఎక్కడో తుప్పు మిగిలింది. సెల్లులు తీసేసి, మూత గొట్టానికి బిగించి, మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి స్ప్రింగు నుంచి బల్బు హోల్డరు మర దాకా చూడండి, స్విచ్చి ఆన్‌లో ఉండాలి. అర ఓమ్ లోపు రావాలి. ఒక్క ఓమ్ ఉన్నా 0.3 వోల్టులు అక్కడే పోతాయి, వెలుగు తగ్గడానికి అది చాలు. ఎక్కువ చూపిస్తే మూత మరలు మొదట అనుమానించండి. అక్కడి ఆకుపచ్చ పొర పాత టూత్‌బ్రష్‌తో పోదు, సన్న ఇత్తడి బ్రష్ కావాలి. తర్వాత స్విచ్చి రేకు, దాని రివెట్టు.

ఎల్ఈడీ బల్బు వేస్తే ఈ తలనొప్పి తగ్గుతుంది, కానీ వెలుగు ముందుకే చిమ్ముతుంది కాబట్టి ఆ లోతైన రిఫ్లెక్టరుకు పని ఉండదు, దూరం కొట్టే సన్నని కిరణం పోతుంది. ఈ టార్చికి ఫిలమెంటు బల్బే ఉంచండి.