పేటెంట్ ఉన్న ఎన్‌క్రిప్షన్ కోడ్‌ని మన లినక్స్‌లో పెట్టి పంచొచ్చా?

నమస్కారం అండీ. అమీర్‌పేటలో ఓ అద్దె గదిలో నలుగురం కూర్చుని డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద తెలుగు లినక్స్ ఒకటి తయారు చేస్తున్నాం. మొన్న రాత్రి ఒక ప్యాకేజీ రీడ్‌మీ ఫైల్ అడుగున ఒక్క లైను కంటబడింది: ఈ సైఫర్‌కి (ఎన్‌క్రిప్షన్ పద్ధతికి) అమెరికాలో పేటెంట్ ఉంది అని. చేతిలో చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేటెంట్ 2000 సెప్టెంబరులోనే ముగిసింది, ‘ఐడియా’ (IDEA) అనే ఇంకో పద్ధతిది 2012లో. వాటితో పేచీ లేదు. అప్పట్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని కట్టేటప్పుడు (బిల్డ్ చేసేటప్పుడు) ‘నో-ఐడియా’ అని కొట్టి ఆ ముక్క తీసేసేవాళ్లు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం అల్గారిథమ్‌కి పేటెంట్ ఇవ్వరు, సరే. కానీ మా ఐఎస్‌ఓని (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్‌ని) డల్లాస్‌లో ఉన్న మా బావ సర్వర్‌లో కూడా పెడదామనుకున్నాం. (ఫ్రీ కదా అని!)

ఆ సైఫర్‌ని బైనరీలోంచి (నడిచే ప్రోగ్రామ్‌లోంచి) తీసేసి సోర్స్ కోడ్‌లో మాత్రం ఉంచితే బావకి చిక్కేనా? పైగా ఆ కోడ్ లైసెన్స్ జీపీఎల్ రెండో వెర్షన్. పేటెంట్ షరతుల వల్ల అందరికీ ఉచితంగా పంచలేకపోతే అసలు పంచనే వద్దంటుంది దాని 7వ సెక్షన్. అది హైదరాబాద్ నుంచి పంచే మాకూ వర్తిస్తుందా? ఇలాంటి ప్యాకేజింగ్ చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి, ప్లీజ్. లాయర్ ఫీజు ఇచ్చుకునే స్థితి మాకు లేదు.