ఎగ్జాస్ట్ పైపు పక్కనుంచి గేర్‌బాక్స్ ఆయిల్ లైన్లు ఎలా తీసుకెళ్లాలి?

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటాను. మా నాన్నగారి పాత జీపులోకి పుదుపేట పాత బండి సామాన్ల బజారులో దొరికిన డీజిల్ ఇంజన్, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించాం. బండి బాగానే నడుస్తోంది కానీ గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్లే రెండు ఆయిల్ లైన్లు గేర్‌బాక్స్ కుడివైపు నుంచే బయటికొస్తాయి, టర్బో నుంచి దిగే ఎగ్జాస్ట్ పైపు కూడా సరిగ్గా అక్కడే ఉంది, మధ్యలో రెండు వేళ్ల సందు కూడా లేదు.

మొన్న తాంబరం దగ్గర ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుంటే కాలిన ఆయిల్ వాసన వచ్చింది. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే రబ్బరు హోస్ ఎగ్జాస్ట్ వైపు గట్టిపడిపోయి, వంచితే సన్నగా పగుళ్లు, క్లాంపు దగ్గర ఎర్రటి ఆయిల్ చుక్క. అది వేడి పైపు మీద పడితే మంటే కదా, ఆ రోజు నుంచి బండి తీయడం లేదు.

మెకానిక్ అన్న రాగి గొట్టం వేద్దామంటున్నాడు, అదురుకి రాగి పగులుతుందని నేను ఒప్పుకోలేదు. స్టీల్ ట్యూబు వంచి, ఇంజన్ అదురు తట్టుకోవడానికి చివర్లలో మాత్రమే ఆయిల్ హోస్ ముక్కలు పెట్టాలనుకుంటున్నాను. లైన్లను బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు డొప్ప) మీదుగా ఎడమవైపుకి దాటించడం మేలా, లేక కుడివైపే ఉంచి మధ్యలో గాలి ఆడేలా రేకు అడ్డం పెడితే సరిపోతుందా? ఎగ్జాస్ట్‌కి చుట్టే హీట్ ర్యాప్ (వేడి బయటికి రాకుండా ఆపే పట్టీ) తేమ పట్టి పైపుని తుప్పు పట్టిస్తుంది, ఈ సముద్రపు గాలిలో అది వద్దనిపిస్తోంది. ఇలాంటి మార్పు చేసినవాళ్లు ఎన్ని అంగుళాల దూరం ఉంచారు, ట్యూబుని ఛాసిస్‌కి ఎక్కడెక్కడ బిగించారు? ఫొటో ఉంటే పెట్టండి, ప్లీజ్.