సైకాలజీ రీసెర్చ్ ల్యాబ్‌లో ట్రైనీగా చేరాలంటే: మెయిల్ దగ్గర్నుంచి ఈఈజీ క్యాప్ దాకా

కొత్తచిగురు:
ఎమ్మెస్సీ సైకాలజీ మొదటి ఏడాది. వేసవి సెలవుల్లో రెండు నెలలు ఏదైనా యూనివర్సిటీ ల్యాబ్‌లో ట్రైనీగా చేరాలనుంది. మెయిల్‌లో ఏం రాయాలి? చేరాక మన చేతికి ఏ పనులు ఇస్తారు? కోడింగ్ అంతంతమాత్రం.

గోల్కొండ_రీసెర్చర్:
వేసవికి జనవరి, ఫిబ్రవరిలోనే రాసేయండి. ‘మనిషి మనసంటే చిన్నప్పటి నుంచీ ఆసక్తి’ అనే వాక్యం ప్రతి మెయిల్‌లోనూ ఉంటుంది, అది తీసేయండి. ఆ ల్యాబ్ నుంచి ఈమధ్య వచ్చిన పేపర్ ఒకటి తీసుకుని, మెథడ్ భాగం శ్రద్ధగా చదివి, అందులోంచి ఒక్క ప్రశ్న అడగండి. ఆ తర్వాత మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటారో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో, ఏ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు వచ్చో రాయండి. సీవీ ఒక్క పేజీ చాలు. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ ముందే తెచ్చుకోండి, స్టైపెండ్ ఉందో లేదో మొదట్లోనే అడిగేయండి.

సైకాలజీ డిపార్ట్‌మెంట్ అన్న బోర్డు ఒక్కటే వెతకొద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనే తీసుకుంటే, హెల్త్ సైకాలజీకి ఒక సెంటర్, న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్‌కి ఇంకో సెంటర్ ఉన్నాయి. రెండుచోట్లా పని తీరే వేరు.

సీజెడ్_అక్క:
ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలు రికార్డు చేయడం) ల్యాబ్ అయితే మొదట్లో మీ పనంతా పార్టిసిపెంట్ల తలతోనే అమ్మా. మన దగ్గర తలకు నూనె రాసుకోవడం మామూలు. నూనె జిడ్డు ఉంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య అడ్డుపొర పడి ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) ఎంతకీ దిగదు. అందుకే ముందురోజే మెసేజ్ పెట్టాలి: నూనె వద్దు, పొద్దున షాంపూతో తలస్నానం చేయండి, కండిషనర్ వాడొద్దు, జుట్టు బాగా ఆరాక రండి. పూలు, క్లిప్పులు, చెవి దుద్దులు తీసేయించాలి. జడ బిగించి ఉంటే క్యాప్ వెనకవైపు లేచిపోతుంది, విప్పించండి.

టేపుతో కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి తల వెనకనున్న ఎముక గడ్డ దాకా కొలవండి. 36 సెంటీమీటర్లు వస్తే 18 దగ్గర గుర్తు. ఆ గుర్తు, చెవి నుంచి చెవికి కొలిచిన దాంట్లో సగం కలిసేచోట సీజెడ్ అనే నడినెత్తి ఎలక్ట్రోడ్ కూర్చోవాలి. మొద్దు సూది సిరంజితో వెంట్రుకలు పక్కకు తప్పించి, చర్మానికి తగిలేలా కొంచెమే జెల్ వేయాలి. పాసివ్ ఎలక్ట్రోడ్లకు (లోపల యాంప్లిఫయర్ లేనివి) ఇంపీడెన్స్ సాధారణంగా 5 కిలోఓమ్‌ల లోపు రావాలంటారు. రావట్లేదని జెల్ దట్టించారో, పక్క ఎలక్ట్రోడ్ జెల్‌తో కలిసిపోయి రెండూ ఒకే సిగ్నల్ చూపిస్తాయి. స్క్రీన్ మీద గీతలు మాత్రం నున్నగా, అందంగా కనిపిస్తాయి. అందుకే ఈ తప్పు చాలాసార్లు విశ్లేషణ దశ దాకా బయటపడదు.

గదిలో ఉక్కపోత ఉంటే చెమట వల్ల గీతలు నెమ్మదిగా పైకీ కిందికీ జారతాయి. ఏసీ ముందే వేసి ఉంచండి. 50 హెర్ట్జ్ కరెంటు రొద కనిపిస్తే ముందు ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు చూడండి. సెషన్ అయిన వెంటనే క్యాప్ కడగాలి. జెల్ ఎండిపోతే రంధ్రాలు పూడుకుపోతాయి. కనెక్టర్ మాత్రం తడవనివ్వకండి.

కొత్తచిగురు:
అక్కా, చెప్పినా నూనె పెట్టుకునే వచ్చేస్తే?

సీజెడ్_అక్క:
ల్యాబ్‌లో తల కడిగే సింకు, డ్రయ్యర్ ఉంటే అక్కడే. లేకపోతే స్లాట్ మార్చేయండి. కారణం లాగ్‌బుక్‌లో రాయండి.

ఒత్తుల_లెక్క:
తెలుగు పదాలతో ప్రయోగమైతే ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పైథాన్‌లో ‘స్త్రీ’ పొడవు అడిగితే హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం విడివిడిగా లెక్కేసి 6 అంటుంది. కంటికి కనిపించేది ఒక్క అక్షరం. పదాల నిడివి సమానం చేసేటప్పుడు కంప్యూటర్ ఇచ్చిన అంకె నమ్మితే జాబితా మొత్తం తప్పుతుంది. అక్షరాలు ఒక లెక్క, తెర మీద వెడల్పు ఇంకో లెక్క, రెండూ విడిగా చూడండి. సైకోపై (ప్రయోగాలు తెర మీద నడిపే సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి కనిపించేవి. పదాలను ముందే బొమ్మలుగా చేసి చూపిస్తే ఆ గొడవ ఉండదు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ దాచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది.

ఇంకోటి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. పదాన్ని సరిగ్గా 40 మిల్లీసెకన్లు చూపించడం కుదరదు. 2 ఫ్రేములు 33, 3 ఫ్రేములు 50. డిజైన్ రాసేటప్పుడే ఫ్రేముల్లో ఆలోచించండి. కోడింగ్ అంతంతమాత్రం అన్నారు కదా, సైకోపై బిల్డర్‌తో (కోడ్ రాయకుండా ప్రయోగం కట్టే భాగం) మొదలుపెట్టి అది రాసిచ్చే కోడ్ చదవండి, అలవాటవుతుంది.

గోల్కొండ_రీసెర్చర్:
సెషన్ నడపడం తేలిగ్గా తీసుకోకండి. సూచనలు కాగితం మీద ఉన్నవి ఉన్నట్టే చదవాలి, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ చెబితే అదే డేటాలోకి వస్తుంది. ‘బాగా చేస్తున్నారు’ అని మధ్యలో మెచ్చుకోవడం కూడా వద్దు. సమ్మతి పత్రం పార్టిసిపెంట్ చదివే భాషలో ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రతే వాడాలి. పిల్లలైతే ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితోపాటు 7 ఏళ్లు దాటినవారి అంగీకారం కూడా తీసుకోవాలి. ఫైల్ పేర్లలో మనిషి పేరు రాకూడదు, కోడ్ నంబరే.

నిండుచెరువు:
ప్రశ్నావళి పనిలో ఉండేవాళ్లకు ఒక మాట. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాల ప్రశ్నావళి)లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. దానికి ‘అసలు లేదు’ కాక వేరే ఏ జవాబు వచ్చినా ఆ కాగితం కట్టలో పెట్టేసి ఊరుకోకూడదు. మనిషి గదిలో ఉండగానే ఆ పేజీ చూడాలి, వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉన్న కాగితం చేతికివ్వాలి. సొంతంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టొద్దు. ఈ పద్ధతి మీ ల్యాబ్‌లో రాసిపెట్టి లేకపోతే మొదటి వారంలోనే అడగండి, సంకోచించకండి.

కొత్తచిగురు:
అందరికీ థాంక్సండీ. ఈ రెండు నెలలు క్లినికల్ ప్రాక్టీసుకి లెక్కలోకి వస్తాయా?

గోల్కొండ_రీసెర్చర్:
రావు. దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న కోర్సు చేసి రిజిస్టర్ కావాల్సిందే. ఇది పీహెచ్‌డీ దరఖాస్తుకు పనికొస్తుంది. సర్టిఫికెట్‌లో ‘విజయవంతంగా పూర్తిచేశారు’ అన్న ఒక్క లైనుతో సరిపెట్టుకోకండి. ఎన్ని రికార్డింగులు చేశారో, ఏ సాఫ్ట్‌వేర్ వాడారో, డేటా శుభ్రం చేయడంలో మీ వంతు ఎంతో ఒక డ్రాఫ్ట్ మీరే రాసి, ఆఖరి వారానికి ముందే గైడ్ గారికి ఇవ్వండి.