చదువుకునే పేజీలకు కూడా సర్టిఫికెట్ కావాలా?

వ్యాసాల సైటు నిర్వాహకుడు:
నా సైటులో వ్యాసాలు తప్ప ఏమీ లేవు. లాగిన్ లేదు, చెల్లింపులు లేవు. అయినా క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపిస్తోంది. 2018 నుంచి హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ, అంటే సమాచారాన్ని గుప్తీకరించకుండా పంపే సైట్లన్నిటికీ, ఇదే ముద్ర. అది పోవాలంటే సర్టిఫికెట్ పెట్టుకుని ఎన్‌క్రిప్షన్ (గుప్తీకరణ)కు మారాలట. దాచవలసిన రహస్యమే లేనప్పుడు ఎన్‌క్రిప్షన్ ఎందుకు? ఇది చిన్న సైట్ల మీద పెత్తనం కాదా?

పాత బ్లాగరు:
నేనూ అచ్చం ఇలాగే వాదించేవాణ్ణి. ఒకసారి ప్రయాణంలో ఉచిత వైఫై మీద నా బ్లాగే తెరిచాను. రెండో పేరాకూ మూడో పేరాకూ మధ్య అప్పు ఇస్తామంటూ ఒక ప్రకటన కనిపించింది. సర్వర్‌లోని ఫైలు తీసి చూస్తే అందులో ఆ వరుసలే లేవు. దారిలో ఎవరో చొప్పించారు! చదివేవారు అది నేను పెట్టిందే అనుకుంటారు కదా. ఎన్‌క్రిప్షన్ రహస్యం కోసమే కాదండీ, మనం రాసింది రాసినట్టు చేరడానికి కూడా.

2015లో చైనా సెర్చ్ సంస్థ బైదూ స్క్రిప్టులను (పేజీతో పాటు బ్రౌజర్‌లో నడిచే కోడ్‌ను) ఇలాగే దారిలో మార్చి, ఆ స్క్రిప్టులున్న పేజీలు తెరిచినవారి బ్రౌజర్లతోనే ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు మీద దాడి చేయించారు. పాపం, వాళ్ళకు ఆ సంగతే తెలియదు.

వ్యాసాల సైటు నిర్వాహకుడు:
దారిలో మార్పుల సంగతి ఒప్పుకుంటాను. కానీ మోసపు సైట్లకూ సర్టిఫికెట్లు ఉంటున్నాయి. 2011లో సర్టిఫికెట్లు జారీ చేసే డిజినోటార్ సంస్థలోకి చొరబడి గూగుల్ పేరిట దొంగ సర్టిఫికెట్టే పుట్టించారు. ఇక సర్టిఫికెట్‌ను నమ్మేదెలా?

సర్వర్ల నిర్వాహకుడు:
డొమైన్ సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే: అవతల ఉన్నది ఆ డొమైన్ సర్వరేనని. యజమాని నిజాయితీకి అది హామీ కాదు. అడ్రసు పక్కన కనిపించే తాళం బొమ్మను జనం అలాంటి హామీగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ దాన్ని తీసేసింది. ఇక డిజినోటార్‌ను బ్రౌజర్లన్నీ వెలివేశాయి, 2011 సెప్టెంబరులోనే అది దివాలా తీసింది. ఇప్పుడు జారీ అయిన సర్టిఫికెట్లు బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతున్నాయి. మీ డొమైన్ పేరిట ఎవరు ఏది ఇచ్చారో మీరే వెతికి చూసుకోవచ్చు.

వ్యాసాల సైటు నిర్వాహకుడు:
లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది, ఖర్చు సమస్య కాదు. కానీ గడువు 90 రోజులే. 2029 మార్చి 15 నుంచి ఏ సర్టిఫికెట్టయినా 47 రోజులకు మించదట! ఒంటరిగా సైటు నడిపేవాడు పునరుద్ధరించాలని ఎన్నిసార్లు గుర్తుపెట్టుకోవాలి?

సర్వర్ల నిర్వాహకుడు:
ఇది న్యాయమైన అభ్యంతరం. గడువు తగ్గిస్తే, సర్వర్ నుంచి ఎవరైనా దొంగిలించిన తాళంచెవి (సర్టిఫికెట్‌కు జతగా ఉండే రహస్య సంకేతం) త్వరగా చెల్లకుండా పోతుంది, నిజమే. కానీ ఆ భారం రాసేవారి నెత్తిన పడకూడదు. సర్టిఫికెట్ తనంతట తానే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు, సైటును తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థే చేయాలి. మీ సంస్థ చేస్తుందో లేదో అడగండి. చేయకపోతే ఆ సంస్థను మార్చండి, హెచ్‌టీటీపీలో మాత్రం ఉండిపోవద్దు.