ఎమ్మెస్సీ నర్సింగా, ఎన్‌పీసీసీయా? వైజాగ్ ఐసీయూ నర్సులు చెప్పండి

బీచ్‌రోడ్_నర్స్:
బీఎస్సీ అయింది, ఇక్కడే ఓ ప్రైవేటు ఐసీయూలో చేస్తున్నా. ఎమ్మెస్సీ మెడికల్ సర్జికల్‌లో చేరనా, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (ఎన్‌పీసీసీ) చేయనా? స్టైపెండ్ వస్తుందా? డ్యూటీ చేస్తూ చదవొచ్చా? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గాజువాక_సిస్టర్:
ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, ఒరిజినల్స్ చేతిలోకి తెచ్చుకో తల్లీ. ఎమ్మెస్సీకి బీఎస్సీలో 55 శాతం మార్కులతో పాటు ఏడాది అనుభవం అడుగుతారు. నా పాత ఆసుపత్రివాళ్లు బాండ్ పేరు చెప్పి ఒరిజినల్స్ ఇవ్వకుండా తిప్పారు, ఈలోగా అడ్మిషన్ గడువు దాటిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వెంటిలేటర్_వాణి:
నేను ఎన్‌పీసీసీ చేశాను. రెండేళ్ల రెసిడెన్సీ, థియరీ 20 శాతమే, మిగతాదంతా పేషెంట్ పక్కనే. ఉద్యోగం చేస్తూ చదివే కోర్సు కాదు. ఇప్పుడు ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) రిపోర్టు వస్తే ఎవరికోసమూ ఎదురుచూడను. పీహెచ్ 7.20, పీసీఓటూ (రక్తంలో కార్బన్ డయాక్సైడ్) 68, బైకార్బ్ (బైకార్బనేట్) 26 అంటే అక్యూట్ రెస్పిరేటరీ అసిడోసిస్, అంటే ఊపిరి సరిగా ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగడం. డాక్టర్ వచ్చేలోపే సక్షన్‌తో కఫం లాగేసి, శ్వాస ట్యూబ్ మడతపడిందేమో చూసేస్తా.

ఎండాడ_నైట్‌డ్యూటీ:
రిపోర్టు చదవడం సరే మేడమ్, శాంపిల్ ఎలా తీశారో ఎవరు చూస్తున్నారు? సిరంజిలో లిక్విడ్ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) మిగిల్చి రక్తం కొంచెమే లాగితే పీసీఓటూ, బైకార్బ్ రెండూ తగ్గి కనిపిస్తాయి.

వెంటిలేటర్_వాణి:
నేను చెప్పింది 68. తగ్గి కనిపించే లెక్క దానికెందుకు? ఐసీయూలో ఇన్నేళ్లు చేసినదాన్ని, నాకు హెపారిన్ పాఠం చెప్పకండి.

ఎండాడ_నైట్‌డ్యూటీ:
మీ కేసు గురించి కాదండీ. మా దగ్గర సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న ఓ పెద్దాయన మగతగా పడి ఉన్నాడు, రిపోర్టులో పీసీఓటూ నార్మల్. అందరూ నిశ్చింతగా ఉన్నారు. సిరంజిలో హెపారిన్ పూర్తిగా బయటికి నెట్టి నేను మళ్లీ తీస్తే చాలా ఎక్కువ వచ్చింది, వెంటనే బైప్యాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టారు. పీజీలో ముందు నేర్పాల్సింది ఇదే.

ఆరిలోవ_అక్క:
మా యూనిట్‌లో ముందే హెపారిన్ పూసిన సిరంజిలు తెప్పించాక ఈ బాధ తగ్గింది. గాలి బుడగ ఉంటే మాత్రం అప్పుడే తీసేయాలి.

కేజీహెచ్_రోడ్:
ఆ అమ్మాయి అడిగింది కోర్సు గురించి! టీచింగ్‌లోకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ చెయ్యి, బెడ్‌సైడ్ వదలనంటే ఎన్‌పీసీసీ.

మద్దిలపాలెం_బ్రదర్:
చేసి ఏం లాభం? ఎన్‌పీసీసీ తర్వాత కూడా నాకు అదే రోస్టర్, అదే జీతం. మన దగ్గర ప్రొటోకాల్, స్టాండింగ్ ఆర్డర్లు (ముందే రాసిపెట్టిన ఆదేశాలు) దాటి మందు మార్చలేం. బ్రిటన్‌లో ప్రిస్క్రైబింగ్ అర్హత తెచ్చుకున్న నర్సులు సొంతంగా మందు రాస్తారు. 2023లో కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం వచ్చింది, మా పోస్టుకో హోదా ఇస్తే చాలు. ద్వారకానగర్‌లో ఓఈటీ (విదేశాలకు వెళ్లే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) కోచింగ్ ఎక్కడ బాగుందో ఎవరైనా చెప్పండి.

గాజువాక_సిస్టర్:
ఓఈటీలో రైటింగే కష్టం తమ్ముడూ, రిఫరల్ లెటర్లు రోజూ రాయి.

బీచ్‌రోడ్_నర్స్:
స్టైపెండ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వెంటిలేటర్_వాణి:
ఎన్‌పీసీసీకి ఇన్‌సర్వీస్‌లో (ఉద్యోగిగా ఉండి చదువుకు వస్తే) ఉంటే జీతం వస్తుంది. బయటివాళ్లకు స్టైపెండ్ ఆ ఆసుపత్రి లెక్క ప్రకారం ఇవ్వాలని సిలబస్‌లోనే ఉంది. చేరేముందు కాగితం మీద రాయించుకో. కాలేజీకి ఈ ఏడాది అనుమతి ఉందో లేదో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడు, ఏజెంట్ మాట నమ్మకు.