హాలోలో కృష్ణబిలాలు: మైక్రోలెన్సింగ్ తలుపు మూసేసినట్టేనా?

రుషికొండ_కుర్రాడు:
నిన్న రాత్రి బీచ్ రోడ్డు మీద మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. పాలపుంతను చుట్టి ఉన్న పెద్ద గోళంలో, అంటే హాలోలో, కంటికి కనబడకుండా గురుత్వంతోనే తెలిసే కృష్ణ పదార్థం ఉంది. అదంతా ఆదిమ కృష్ణబిలాలే, అంటే విశ్వం పుట్టిన కొత్తలో ఏర్పడినవే, అయ్యే వీలుందా? నేను లేదంటాను. నక్షత్రాల వెలుగులో మార్పులు గమనించే ఓగిల్ బృందం చిలీ నుంచి 20 ఏళ్లపాటు, మన పక్కనున్న చిన్న గెలాక్సీ పెద్ద మాగెల్లాన్ మేఘంలోని దాదాపు 8 కోట్ల నక్షత్రాలను కాపు కాసింది. హాలో నిండా సూర్యుడంత బరువున్న ముద్దలే ఉంటే, అవి అడ్డొచ్చినప్పుడు వాటి గురుత్వం వెలుగును వంచి, వెనకున్న నక్షత్రం వెలుగు పెరిగి తగ్గడం (మైక్రోలెన్సింగ్ అంటే ఇదే) వందల సార్లు కనబడాలి. 2024లో వాళ్లు చెప్పిన లెక్క 13. అవి కూడా మామూలు నక్షత్రాలతోనే సరిపోయాయి. ఇంకేం మిగిలింది?

గాజువాక_నైట్‌షిఫ్ట్:
తమ్ముడూ, ఒక్క బృందం లెక్క పట్టుకుని అంత ధీమా వద్దు. ఇదే పని అంతకుముందు చేసిన మాచో బృందం వాళ్లు 1.19 కోట్ల నక్షత్రాలను ఆరేళ్లకు దగ్గరగా చూసి, హాలోలో 20 శాతం ఇలాంటి ముద్దలే కావచ్చని 2000లో చెప్పారు కదా. పైగా 2015లో గురుత్వ తరంగాలను కొలిచే లైగో పట్టుకున్న కృష్ణబిలాలు ఒక్కోటీ సూర్యుడికి 30 రెట్ల బరువు. ఆదిమమైనవి కాకపోతే అంతంత బరువైనవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పెదవాల్తేరు_మాస్టారు:
మాచో వాళ్లను నేను ఒక్క మాట అనను. ఇలాంటిది చూసే అవకాశం పెద్దగా లేదని ఐన్‌స్టైన్ 1936లో రాశాడు. 1986లో ఖగోళ శాస్త్రవేత్త పచిన్‌స్కీ దారి చూపిస్తే, ఆస్ట్రేలియాలో 1.27 మీటర్ల పాత టెలిస్కోపుతో వీళ్లు 1993లో చూసి చూపించారు. చిక్కు వాళ్ల చూపులో లేదు, అడ్డొచ్చిన వస్తువు ఎక్కడుందన్న దగ్గర ఉంది. మన చేతికి దక్కేది వెలుగు ఎన్నాళ్లు పెరిగి తగ్గిందన్న ఒక్క సంఖ్య. బరువు, దూరం, వేగం మూడూ అందులోనే కలిసిపోయి ఉంటాయి. మేఘంలోని నక్షత్రమే తన వెనకున్న నక్షత్రానికి అడ్డొచ్చి ఉండొచ్చు కదా అని ఖగోళ శాస్త్రవేత్త కైలాష్ సాహు 1994లోనే అడిగాడు. నాకు ఆ ప్రశ్నే అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది. 2007లో ఇలాగే వెతికిన ఈరోస్ బృందం వాళ్లు కూడా, తాము వెతికిన బరువుల్లో అవి హాలోలో 8 శాతానికి మించి లేవని తేల్చారు.

లాసన్స్‌బే_పద్మ:
మాస్టారూ, అందరూ సూర్యుడంత ముద్దల దగ్గరే ఆగిపోయారు. సూర్యుడంతదైతే వెలుగు రెండు మూడు నెలలు పెరిగి తగ్గుతుంది. భూమంతదైతే కొద్ది గంటల్లో అయిపోతుంది. కొన్ని రోజులకోసారి ఫొటో తీస్తే ఆ గంటలు దొరుకుతాయా? అందుకే 2014 నవంబరులో హవాయిలోని సుబారు టెలిస్కోపును ఒక్క రాత్రి 7 గంటలు ఆండ్రోమెడా గెలాక్సీ మీదే నిలిపి, రెండేసి నిమిషాలకు ఒకటి చొప్పున ఫొటోలు తీశారు. అనుమానించదగ్గది ఒక్కటే దొరికింది. దాంతో చంద్రుడి బరువు చుట్టుపక్కలవి కూడా కృష్ణ పదార్థమంతా కాలేవని తేలింది.

ఇంకా కిందికి, చిన్న గ్రహశకలాల బరువుకు దిగితే ఈ పద్ధతికే చేతకాదు. ముద్ద ప్రభావం పడే వలయం వెనకున్న నక్షత్రం బిళ్ల కన్నా చిన్నదైపోతుంది. కృష్ణబిలమేమో వెలుగు అల పొడవు కన్నా చిన్నది, అల దాన్ని చుట్టుకుని వెళ్లిపోతుంది. ఆ బరువుల్లో కృష్ణ పదార్థం మొత్తం అవే కావడానికి ఇప్పటికీ గట్టి అడ్డు లేదు. చూడలేని చోట లేదనకండి.

రుషికొండ_కుర్రాడు:
పద్మక్కా, ఆ మాట ఒప్పుకుంటున్నా, మొత్తం మూసేశారనడం నా తప్పే. కానీ 30 రెట్ల బరువు సంగతి మాత్రం వదలను. సూర్యుడికి 860 రెట్ల వరకూ చూసి, కృష్ణ పదార్థంలో 10 శాతానికి మించవని ఓగిల్ చెప్పింది. లైగోవి నక్షత్రాలు చచ్చి మిగిలినవి కావచ్చు. భారమూలకాలు తక్కువున్న పెద్ద నక్షత్రాలు అంత బరువున్నవి మిగల్చగలవు.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
హాలోలో అవి సమంగా పరుచుకుని ఉన్నాయనుకుంటేనే ఆ 10 శాతం. గుంపులుగా ఉంటే లెక్క మారదా? నేను ఇక్కడే నిలబడతా. సరే గానీ మాస్టారూ, ఆ మేఘాన్ని మన విశాఖ నుంచి చూడొచ్చా?

పెదవాల్తేరు_మాస్టారు:
గుంపుల మాట తీసిపారేయదగ్గది కాదు, లెక్క వేసి చూడాల్సిందే. మేఘం సంగతంటారా, డిసెంబరు నడిరాత్రి సరిగ్గా దక్షిణాన రెండున్నర డిగ్రీల ఎత్తుకు వస్తుంది, అంటే చాచిన చేతి బొటనవేలి మందం. భీమిలి ఒడ్డున నిలబడితే దక్షిణమంతా సముద్రమే. కానీ ఆ ఎత్తులో తేమ, నగరం వెలుగు దాన్ని మింగేస్తాయి. నేను మూడు డిసెంబర్లు వెళ్లాను, దొరకలేదు. ఈసారి వస్తానంటే కలిసి వెళదాం.